ఎలుగుబంటి చిత్తరువు

మొన్నటి వేసవి సెలవులకు ముందు ఒకనాడు ఏడవ తరగతి వారికి చిత్రలేఖన పాఠము చెప్పుచు నల్లబల్లమీద ఒక ఎలుగుబంటిని గీచితిని. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివిన దినములలో అచ్చుపటములను చూచి జంతువులను వ్రాయుట మాకు నేర్పిరి. ఆనాడు నేర్చిన ఎలుగుబంటియే ఇరువది యేండ్లుగా నా సుద్దముక్కనుండి వెడలుచున్నది. గుండ్రని దేహము, గుండ్రని చెవులు, కుక్కమూతివంటి మూతి, వెనుకకాళ్ళపై నిలిచి చేతులు చాచిన భంగిమ. తరగతివారందరును దానిని తమ పుస్తకములలోనికి దించుకొనుచుండగా, వెనుక వరుసలోని ఒక కోయ బాలుడు మాత్రము పెన్సిలు క్రిందబెట్టి కూర్చుండెను. ఏల వ్రాయవని అడిగితిని. వాడు లేచి పలికిన మాటలను వాని నోట వెడలినట్లే ఇచ్చట వ్రాయుచున్నాను.

"గుడ్డెలుగు ఇట్లుండదు సార్. దాని మూతి ఇంకా పొడుగు. పెదిమెలు కిందికి వేలాడతయ్."

తరగతి నవ్వెను. నాకును కొంత కోపము వచ్చినమాట దాచనేల? "నువ్వు చూశావా?" అని గద్దించితిని.

"చూసిన సార్. మా అయ్య ఇంకా దగ్గరగా చూసిండు."

ఆ మాటకు అర్థము నాకు తరువాత విచారింపగా తెలిసినది. ఒక చైత్రమాసపు వేకువను ఇప్పపువ్వు ఏరుటకు పోయిన ఆతని తండ్రిని చెట్టుక్రిందనే ఎలుగుబంటి పట్టెనట. ప్రాణము దక్కెను గాని ఒక కన్ను పోయినది.

నిజము చెప్పవలెనన్న నేనును బాల్యమున ఎలుగుబంటిని చూచియే యుంటిని. ఆ దినములలో ఎలుగుబంట్లనాడించి పొట్టపోసికొనువారు మా యూరికి వచ్చెడివారు. ముక్కునకు త్రాడు, మెడకు గంట. దాని వీపుమీద కూర్చుండబెట్టినచో పిల్లల జడుపు పోవునని తల్లులు పైకమిచ్చెడివారు. నన్నును ఒకసారి కూర్చుండబెట్టిరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ ఆటను నిషేధించినను అది వెంటనే మానలేదు. చివరి ఆట ఎలుగుబంటిని విడిపించితిమని జంతుసంరక్షకులు ప్రకటించుటకు 2009 వరకు పట్టెను. ఆ వీపుమీద కూర్చున్న నేనే పెద్దవాడనై, దాని మూతిని అచ్చుపటము చూచి వ్రాసితిని! ఆ పటములోనిది ఐరోపా, అమెరికా ఖండముల గోధుమవన్నె ఎలుగుబంటి. భద్రాచలపు అడవులలో అట్టి జంతువు ఏనాడును తిరిగినది కాదు. నా విద్యార్థులు ఇరువది యేండ్లు పరదేశపు జంతువును తమ అడవి జంతువని నేర్చుకొనిరి.

నాకంటె మహాపండితులును ఈ జంతువు విషయమున తప్పిపోయిరని తెలిసినప్పుడు నాకు కొంత ఊరట కలిగెను. మన ఎలుగుబంటికి మొట్టమొదట శాస్త్రీయనామము పెట్టినవాడు జార్జి షా అను ఆంగ్లేయుడు. అది 1791 వ సంవత్సరము. వ్రేలాడు బొచ్చు, కొడవళ్ళవంటి పొడవైన గోళ్ళు, పైదవడ ముందుభాగమున రెండు పండ్లు లేకపోవుట, ఈ మూడింటిని చూచి ఆయన దీనిని స్లాత్ జాతిలో చేర్చెను. స్లాత్ అనగా దక్షిణ అమెరికాలో చెట్టుకొమ్మలకు తలక్రిందుగా వ్రేలాడుచు మిక్కిలి మెల్లగా కదలు జంతువు. రెండేండ్లకే, అనగా 1793 లో, మేయర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మెలర్సస్, అనగా తేనె ఎలుగు, అను పేరు పెట్టెను. నేడు శాస్త్రజ్ఞులు మెలర్సస్ అర్సైనస్ అనుచున్నారు. కాని ఇంగ్లీషు వాడుకలో ఆ మొదటి పొరపాటు ఇంకను పోలేదు. నేటికిని వారు దీనిని స్లాత్ బేర్ అనియే పిలుతురు. మందగమనము గల జంతువు పేరు పెట్టుకొన్న ఈ ఎలుగు పరుగెత్తినచో మనిషి దానికి ముందు నిలువజాలడు.

ఇట్టి తప్పు చేయరాదని పట్టుపట్టి, ఎలుగుబంట్ల నడుమనే కూర్చుండి వాటిని వ్రాసిన చిత్రకారుడొకడు కలడు. మన పాఠశాల స్కౌటు బాలురు ఆతని పేరు వినియుందురు. ఆయన ఎర్నెస్టు థాంప్సన్ సీటన్. 1910 లో స్థాపింపబడిన అమెరికా బాలుర స్కౌటు సంఘమునకు మొదటి ప్రధాన స్కౌటు ఆయనయే. అయితే స్కౌటు నాయకుడగుటకు చాల ముందే ఆయన జంతు చిత్రకారుడు.

సీటన్ 1860 ఆగస్టు 14 న ఇంగ్లండులోని సౌత్ షీల్డ్సు అను రేవుపట్టణమున జన్మించెను. ఆరేండ్ల ప్రాయమున తలిదండ్రులతో కెనడాకు పోయెను. అచటి అడవులే ఆయన తొలి బడి. 1879 లో చిత్రకళ నేర్చుకొనుటకు లండనుకు వచ్చి, రాయల్ అకాడమీ పాఠశాలలో విద్యార్థివేతనము సంపాదించెను. చాలీచాలని సొమ్ముతో అర్ధాకలిగా కాలము గడపుచు ఆయన కోరినది ఒక్కటే, బ్రిటిషు మ్యూజియము గ్రంథాలయములోని జంతుశాస్త్ర గ్రంథములు చదువుట. ఇరువదియొక్క యేండ్లు నిండనివారిని లోపలికి రానీయమని అచటివారు త్రిప్పిపంపిరి. అంతట ఈ యువకుడు ఆ మ్యూజియము ధర్మకర్తలైన వేల్సు యువరాజుకును, కాంటర్బరీ ఆర్చిబిషప్పుగారికిని, ప్రధానమంత్రికిని తానే ఉత్తరములు వ్రాసెను! కొలదిదినములలో యావజ్జీవ ప్రవేశపత్రము చేతికి వచ్చినది. గ్రంథాలయపు తలుపు మూసియున్నదని చదువు మానుకొను మన పిల్లలు ఈ సంగతి వినవలసినది.

తలిదండ్రులు వినవలసిన సంగతియు ఒకటి కలదు. సీటన్‌కు ఇరువదియొక యేడు నిండినప్పుడు తండ్రి ఆతనిని పిలిచి, ఒక లెక్కపుస్తకము తెరచి, వాని జననమునకు వైద్యునికిచ్చిన రుసుము మొదలుకొని ఆనాటివరకు వానికై పెట్టిన ఖర్చు 537 డాలర్ల 50 సెంట్లు అని చూపి, అది తీర్చవలెనని కోరెనట. ఈ మాట సీటన్ తన ఆత్మకథలో వ్రాసికొనెను. తండ్రి మాట మనకు తెలియదు గావున తీర్పు చెప్పను. కాని కుమారుడు ఆ లెక్క అణాపైసలతో జన్మాంతము మరువలేదని మాత్రము చెప్పగలను.

తరువాత ఆయన కెనడాలోని మానిటోబా మైదానములలో పక్షులను, మృగములను పరిశీలించెను. 1890 ప్రాంతమున ప్యారిసు చేరి మరల చిత్రకళ అభ్యసించెను. ఆయన వ్రాసిన నిద్రించు తోడేలు చిత్రమును 1891 లో ప్యారిసు సలాన్ అను గొప్ప ప్రదర్శనమున ఉంచిరి. సీటన్‌కు చర్మము క్రింది ఎముక, ఎముకమీది కండ, కండమీది బొచ్చు వాలు, ఇవన్నియు తెలియక గీత గీయుట ఇష్టము లేదు. చచ్చిన జంతువులను కోసి చూచి, కొలిచి, 1896 లో జంతువుల అంగనిర్మాణమును గూర్చి చిత్రకారులకు ఒక గ్రంథము ప్రకటించెను.

ఆ గ్రంథము వెలువడిన మరుసటి సంవత్సరమే, అనగా 1897 వేసవిలో, ఆయన ఎల్లోస్టోను వనమునకు పోయెను. అది 1872 లో అమెరికా ప్రభుత్వము ఏర్పరచిన మొదటి జాతీయవనము. అచట ఫౌంటెన్ హోటలు అను పేరుగల ఒక పెద్ద పూటకూటి భవనము ఉండెను. ఆ హోటలు వంటశాలనుండి వచ్చు ఎంగిలి, ఎముకలు, ఖాళీ డబ్బాలు అడవి అంచున కుప్పగా పోయుచుండిరి. ఆ కుప్పకు ఎలుగుబంట్లు వచ్చుట సందర్శకులకు ఒక వేడుక. వారు దూరమున నిలిచి కొంతసేపు చూచి పోయెడివారు. సీటన్‌కు అది చాలలేదు. ఒకనాటి యుదయమున నోటుపుస్తకము, పెన్సిలు, కెమెరా పట్టుకొని పోయి, ఆ చెత్తకుప్పలోనే ఒక గుంట చేసికొని దానిలో పడుకొనెను. పగలెల్ల ఆ దుర్గంధములోనే ఉండెను.

నల్ల ఎలుగుబంట్లు ఒకటొకటిగా వచ్చెను. వాటికి తోడు రోగిష్ఠియైన ఒక కూనను వెంటబెట్టుకొని ఒక తల్లి వచ్చెను. హోటలువారు ఆ కూనకు జానీ అని పేరు పెట్టిరి. తల్లి మిక్కిలి కోపిష్ఠి. సీటన్ దానిని వ్రాయుచుండగా అడవిలోనుండి గ్రిజ్లీ అను మహాకాయమైన గోధుమవన్నె ఎలుగుబంటి బయటపడెను. తక్కినవన్నియు తొలగిపోయెను. ఆ తల్లి మాత్రము కూనను చెట్టెక్కించి, తనకంటె ఎంతో పెద్దదైన ఆ మృగముపై పోయి పడెను. దెబ్బలుతిని తుదకు తానును చెట్టెక్కెను. ఇదంతయు జరుగుచుండగా చిత్రకారుడు కుప్పలో కదలక కూర్చుండి గీతలు గీయుచుండెను. ఆ గ్రిజ్లీ రెండడుగులు ఇటువైచినచో చిత్రలేఖనము అంతటితో ముగిసియుండును.

ఈ వృత్తాంతము 1901 లో వెలువడిన ఆయన కథల సంపుటమున కలదు. అంతకు ముందు సంవత్సరము ఒక గ్రిజ్లీ జీవితచరిత్రను ప్రత్యేకముగా ఒక పుస్తకముగా ప్రకటించెను. పుటల అంచులలో ఆయన గీచిన చిన్న చిన్న బొమ్మలు చూడవలసినవి. వంగి నీరు త్రాగునది, వీపు చెట్టునకు రాచుకొనునది, కుంటుచు నడుచునది. ఏ బొమ్మయు వెనుకకాళ్ళపై నిలిచి చేతులు చాచి మనలను భయపెట్టదు. కథలనుగూర్చి మాత్రము అందరును ఏకీభవించలేదు. జంతువులకు మనుష్యుల మనస్సు అంటగట్టినాడని 1903 లో జాన్ బరోస్ అను పెద్ద ప్రకృతి రచయిత తీవ్రముగా ఖండించెను. నా మట్టుకు నాకు బరోస్ మాటలో సగము న్యాయమే తోచుచున్నది. సీటన్ కలము ఒక్కొక్కప్పుడు కన్నుచూచినదానిని మించిపోయినది. పెన్సిలు అట్లు మించిపోలేదు.

బాలబాలికలు దీనిని చదివి ఎలుగుబంట్ల చెంతకు పోవుట సాహసకార్యమని తలచకూడదు. చెత్తకుప్పలకు అలవాటుపడిన ఎలుగుబంట్లు మనుష్యులకు అపాయకరములగుటచేత ఎల్లోస్టోనులో ఆ కుప్పలన్నియు 1970 నాటికి మూసివేసిరి. నేడు అచట ఎలుగుబంటికి నూరు గజములకంటె దగ్గరగా ఎవరును పోరాదు. సీటన్ 1946 అక్టోబరు 23 న న్యూమెక్సికోలో మరణించెను.

మన దేశమున సీటన్‌వలె జంతువులను చూచి వ్రాసినవారు లేరా యని అడుగుదురేమో. ఒకరి పేరు చెప్పెదను. రాబర్టు ఆర్మిటేజి స్టెర్న్‌డేల్ అను ఆంగ్లేయోద్యోగి మధ్యపరగణాలలోని సియోనీ అడవులలో బహుకాలము తిరిగి, 1877 లో ఆ యనుభవములను పుస్తకముగా వ్రాసెను. 1884 లో భారత, సింహళ దేశముల క్షీరదములనుగూర్చిన గ్రంథమును, దాని తరువాత అడవిజంతువుల సహజభంగిమల చిత్రములను ప్రకటించెను. ఆ క్షీరద గ్రంథమున మన జంతువుకు తెలుగు పేరు "ఎలుగు" అని కూడ చేర్చియున్నాడు. మనకు ఇందొక బంధుత్వమును కలదు. 1860 లో నిజాముగారినుండి ఆంగ్లేయులకు వచ్చిన భద్రాచలము 1874 లో మదరాసు రాజధానికి మారువరకు మధ్యపరగణాలలోనిదే. సియోనీయు, మన భద్రాచలమును ఆనాడు ఒకే ప్రభుత్వము క్రింద ఉండెను. కిప్లింగు 1894 నాటి తన వనకథలను ఆ సియోనీయందే నిలిపెను. స్టెర్న్‌డేల్ రచనలు అందుకు తోడ్పడెనని పండితులు చెప్పుదురు. ఆ కథలలోని బాలూ అను గురువైన ఎలుగును ఎరుగని బాలుడు నేడు లేడు. ఆ బాలూ బొమ్మ మాత్రము పెక్కు పుస్తకములలో ఇప్పటికిని పరదేశపు ఎలుగుబంటివలెనే ఉండును.

ఇక మన ఎలుగు ఎట్లుండును? పాల్వంచ ప్రక్కనున్న కిన్నెరసాని అభయారణ్యమునందును, గోదావరి పొడవునను, పాపికొండలవరకును తిరుగు ఈ జంతువు గుండ్రనిది కాదు. మగది 80 మొదలు 145 కిలోగ్రాముల వరకు తూగును; ఆడుది అంతకు తక్కువ. దేహమంతయు చింపిరి నల్లబొచ్చు. మెడమీదను, భుజములమీదను మిక్కిలి పొడవు. రొమ్మున తెల్లని వంకీ గుర్తు. మూతి పొడవై బూడిదవన్నెగా, బొచ్చు తక్కువగా ఉండును. పెదవులు, మా బాలుడు చెప్పినట్లే, వదులుగా వ్రేలాడును.

ఆ వ్రేలాడు పెదవులకు ఒక పని కలదు. దీని ముఖ్యాహారము చెదపురుగులు, చీమలు. పుట్టను గోళ్ళతో పగులగొట్టి, మూతి లోనికి దూర్చి, ముందు బుస్సున ఊది దుమ్ము ఎగురగొట్టును. పిమ్మట పెదవులను గొట్టమువలె చేసి పురుగులను లోనికి పీల్చును. దుమ్ము పోకుండ ముక్కుపుటములను మూసికొనగలదు. పైదవడ నడిమి పండ్లు రెండు లేకపోవుటచే ఆ సందు పురుగులు పోవు దారి. జార్జి షాను మోసపుచ్చిన లోపమే దీని బ్రతుకుతెరువు! ఇతర ఎలుగుబంట్లకు 42 పండ్లు, దీనికి 40. పీల్చుచున్నప్పటి చప్పుడు రాత్రివేళ సుమారు రెండువందల గజములవరకు వినబడును. చెదపురుగులుగాక తేనె, రేగు, నేరేడు, తునికి, మేడి పండ్లు, రేలకాయలు తినును. వేసవి మొదట ఇప్పపువ్వు రాలినప్పుడు చెట్టుక్రిందనే దాని కాపురము.

అపాయమంతయు అచ్చటనే. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలును. కోయవారును, కొండరెడ్లును, మన వ్యవసాయ కూలీలును తట్టలు పట్టుకొని ఆ మసకచీకటిలోనే పోవుదురు. ఎలుగు చూపు అంత చురుకైనది కాదు. అది ముక్కును నమ్ముకొన్న జంతువు. తల వంచి తినుచు తన చప్పుడులో తానుండి, మనిషి పదడుగుల దూరమునకు వచ్చువరకు ఎరుగదు. ఎరిగినప్పుడు పారిపోవుటకు మారు మీదబడును. ఇది క్రూరత్వము కాదు. తరతరములుగా పెద్దపులితో ఒకే అడవిలో బ్రతికిన జంతువు ఇది. చెట్టెక్కి తప్పించుకొందమన్న చిరుతపులియు చెట్టెక్కును. కావున తానే ముందుగా ఎదిరించుట దీనికి స్వభావమైనది. వెనుకకాళ్ళపై లేచి ముఖముమీదను, తలమీదను కొట్టును. గాయపడినవారు బ్రతికినను ముఖమంతయు మచ్చలతో బ్రతుకుదురు.

కావున అడవిలోనికి పోవువారు ఒంటరిగా పోరాదు. మాటలాడుచు, కఱ్ఱతో నేలను కొట్టుచు పోవలెను. పుట్టలు క్రొత్తగా త్రవ్వబడియున్న చోటును, చెట్టు బెరడుపై గోళ్ళ గీతలున్న చోటును చూచి తొలగవలెను. దూరమున కనబడినచో మెల్లగా వెనుకకు జరుగవలెను. పరుగెత్తుట వృథా. మీదబడినచో బోరగిల పడుకొని రెండు చేతులతో మెడను కప్పుకొనవలెనని తెలిసినవారు చెప్పుదురు. దీనిని బ్రతికియుండగా చూడగోరు చిత్రకారునికి హైదరాబాదు నెహ్రూ జంతుశాలలో కటకటాల వెలుపల కావలసినంత చోటు కలదు.

సెలవులు ముగిసి బడి తెరచిన వారమున ఆ బాలుడు ఒక కాగితము తెచ్చి నా బల్లమీద పెట్టెను. బొగ్గుతో వ్రాసిన ఎలుగుబంటి. ముఖము కనబడదు, అది మనకు వీపు త్రిప్పి బండలమీదుగా గుట్ట ఎక్కుచున్నది. వీపుమీద ఒక కూన మెడబొచ్చు పట్టుకొని వ్రేలాడుచు వెనుదిరిగి మనలను చూచుచున్నది. ఎలుగుబంటి జాతులన్నింటిలోను పిల్లలను వాడుకగా వీపుమీద మోయునది ఇదియొక్కటే. ఆ సంగతి నేను ఏ తరగతిలోను చెప్పియుండలేదు. వాడు దానిని వాగు ఇవతలనుండి చూచెనట.

గోళ్ళచోట మాత్రము గీతలు తక్కినవాటికంటె ముదురుగా, వేరొక చేతి వ్రాతగా ఉండెను. ఎవరు దిద్దిరని అడిగితిని.

"మా అయ్య సార్. గోళ్ళు పొట్టిగా ఏసినవన్నడు. బొగ్గు తీసుకొని ఆయనే పొడుగు చేసిండు."